ఎర్ర హెచ్చరికను దాచినవాడు

లొమాగుగు శవాన్ని చేతి కడియం చూసి గుర్తుపట్టాం. ఆమె పక్కనే ఇంకో ఇద్దరు. ముగ్గురూ ఆ పొద్దున మాతో లారీ ఎక్కినవాళ్లే.

దక్షిణాఫ్రికా పక్కనున్న ఎస్వాటినీ దేశపు కొండల్లో కంపెనీ పైన్ చెట్లు నరికే కూలీలం మేం. ఆగస్టు పొడిగాలికి అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే నిరుడు మూడు వారాలు సమ్మె చేసి గెలిచాం: వాతావరణ కేంద్రం ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజు ఎవరూ అడవిలోకి పోనక్కర్లేదు. రోజూ ఆఫీసు రేడియోలో ఆ కబురు విని మాకు చెప్పడానికి ఎంబెకెనిని ఎన్నుకున్నాం. సమ్మెలో పోలీసులు వెతుకుతుంటే నా గుడిసెలోనే దాక్కున్నాడు. నా గిన్నెలోనే తిన్నాడు.

ఆ ముగ్గురూ పోయిన రోజు పొద్దున గాలికి ఇంటి రేకులు లేచిపోతున్నాయి.

"ఇంత గాలిలోనా? సరిగ్గా విన్నావా అన్నా?" అని అడిగింది లొమాగుగు.

"ఎర్ర కాదు, పసుపు హెచ్చరికే. పని ఉంది, ఎక్కండి," అన్నాడు ఎంబెకెని, ఆమె మొహం చూడకుండా.

పదింటికి రంపం మిషన్ నుంచి రవ్వ లేచింది. మేం పరిగెత్తేలోపే మంట గట్టు దాటింది.

ముగ్గుర్నీ మట్టిచేసిన మర్నాడు బడి మైదానంలో సభ పెట్టాం. ఆఫీసు ఊడ్చే తెంగెటిలె లేచింది.

"ఎర్ర హెచ్చరిక అని రేడియో చెప్పింది. నా చెవులతో విన్నా. ఇతను నా పక్కనే ఉన్నాడు."

ఎంబెకెని తల దించుకున్నాడు. "శుక్రవారానికి పని అవకపోతే వేరే కూలీల్ని తెస్తామని కంపెనీవాళ్లన్నారు. మీకోసమే చేశా."

"నిన్ను మేస్త్రీని చేసింది కూడా మాకోసమేనా?" అన్నాడు లొమాగుగు భర్త మఫిక. "కూలీలు గంజి కాచుకుంటే అడవి అంటుకుందని కంపెనీ రాసిన కాగితం మీద సంతకం ఎవరికోసం పెట్టావు?"

నాకు అతన్ని కొట్టాలని కూడా అనిపించలేదు.

"ఇంకొకణ్ణి ఎన్నుకుందాం," అన్నారెవరో.

"ఒక్కణ్ణి పెడితే ఆ ఒక్కణ్ణీ కొంటారు," అంది తెంగెటిలె. "రేడియో వినడానికి రోజూ నలుగురం పోదాం, మార్చి మార్చి."

మర్నాడు లారీలు వచ్చాయి. ఎవరూ ఎక్కలేదు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి అడవికి నిప్పు పెట్టాడని మఫికకు బేడీలు వేశారు.

"వీళ్లను పనిలోకి పంపు, వదిలేస్తాం," అన్నాడు అధికారి.

"నా పెళ్లాన్ని కాల్చినవాళ్లు ఆ ఆఫీసులో ఉన్నారు. ముందు వాళ్లను పట్టుకో," అన్నాడు మఫిక.

జీపు కదిలింది. స్టేషను పద్దెనిమిది కిలోమీటర్లు. ఎవరూ చెప్పకుండానే అందరం నడక మొదలుపెట్టాం. కొండ దిగువ క్యాంపులో చెట్లు నరికే కూలీలు నిరుడు మా సమ్మెలోకి రాలేదు. ఇప్పుడు రోడ్డు మీదికొచ్చి అడిగారు, "ఎక్కడికి?"

"మఫికను తెచ్చుకోడానికి."

వాళ్లు రంపాలు దారిపక్కన దించి మాతో నడిచారు.