అచ్యుతం గారి బూర్లమూకుడు

నేను ఒక బూర్లమూకుడిని. పోత ఇనుము ఒళ్ళు, రెండు చెవులు, కారునలుపు. నా నోట తీపి మాటలు వింటామని ఆశపడకండి. బతుకంతా సలసల కాగే నూనె కడుపులో పెట్టుకున్నదానికి చల్లటి మాటలు ఎక్కణ్ణించి వస్తాయి? పైగా నేను కాపరం చేసిన ఇల్లు అలాంటిది.

కరిగిన ఇనుమును ఇసక అచ్చులో పోసి నన్ను తీశారు. సామర్లకోట తీర్థం అంగళ్ళలో గోనెపట్టా మీద బోర్లించి ఉంటే భ్రమరాంబ అనే ఆవిడ వచ్చి వేలి కణుపుతో కొట్టి చూసింది. నేను ఖంగుమన్నాను. ఆవిడకి నచ్చాను. ఆవిడ మొగుడు అచ్యుతం బస్సు డ్రైవరు. వాళ్ళింట్లో నాకు పని తక్కువ. పండగ వస్తే బూరెలు, చుట్టాలొస్తే గారెలు. మిగతా రోజులు అటక మీద హాయిగా ఉండేదాన్ని. ఆ మాటకొస్తే నా జీవితంలో సుఖపడ్డ రోజులు అవే.

భ్రమరాంబ విషజ్వరంతో పోయింది. కొడుకు శ్రీకర్ అప్పటికి మూడో తరగతి. పిల్లాడు అన్నం ముట్టడం మానేశాడు. పక్కింటివాళ్ళు పప్పన్నం తెచ్చిపెట్టినా, హోటల్ నించి ఇడ్లీలు తెచ్చినా మూతి బిగించుక్కూచునేవాడు. ఏం చెయ్యాలో తోచక అచ్యుతం ఒక సాయంత్రం నన్ను దింపి, నిండా నూనె పోసి, శనగపిండి కలిపి మిరపకాయ బజ్జీలు వెయ్యబోయాడు. స్టీరింగ్ పట్టిన చేతికి జారుడు పిండి లొంగుతుందా? బజ్జీని పైనించి విసిరాడు. నూనె చిమ్మి ముంజేయంతా పొక్కులెక్కింది. అయినా వదల్లేదు. మాడినవి కొన్ని, పచ్చివి కొన్ని తీసి కొడుకు ముందు పెట్టాడు. పిల్లాడు తండ్రి చేతి వంక చూశాడు. తర్వాత బజ్జీ తీసుకుని కొరికాడు. ఇంకోటి తిన్నాడు. అన్నీ తిన్నాడు.

ఆ పూట అచ్యుతానికి మంత్రం దొరికింది. ఇంక చూసుకోండి నా పాట్లు! ఏ రోజూ నూనె లేకుండా ఆ ఇంట్లో సాయంత్రం భోజనం లేదు. పూరీలు, గారెలు, చేపముక్కలు, బంగాళాదుంప బజ్జీలు, కాకరకాయ చక్రాలు, ఏమీ లేకపోతే అప్పడాలూ వడియాలూ. చేయి తిరిగిపోయింది ఆయనకి. గారె మధ్యలో బెజ్జం గుండ్రంగా వచ్చేది. పూరీ బంతిలా పొంగేది. కంచం ముందు కూచున్న కొడుకు నోట్లోకి వేడివేడిది వెళ్ళేదాకా ఆయనకి ఊపిరి ఆడేది కాదు. శ్రీకర్ పెద్దవాడయ్యాడు, కళ్ళద్దాల దుకాణం పెట్టాడు, మనిషి అడ్డంగా కూడా పెరిగాడు. పెట్టింది పెట్టినట్టు తినేవాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మనుషుల మౌనాన్ని మనుషులు తమకి కావలసినట్టు అర్థం చేసుకుంటారు. ఆయన దాన్ని ఇష్టమనుకున్నాడు.

తర్వాత నీలవేణి కోడలిగా వచ్చింది.

వచ్చిన వారంలోనే యుద్ధం మొదలైంది. అచ్యుతం కొత్తకోడలికి ప్రేమగా రెండు గారెలు వడ్డించాడు. ఆ అమ్మాయి ఒక గారెను పాత పేపరు మీద పెట్టి అరచేత్తో నొక్కింది. పేపరు మీద అరచేయంత మరక.

"చూడండి మావయ్యగారూ! ఇదంతా మనుషుల కడుపులోకేగా?"

అచ్యుతం గరిటెతో నా అంచు మీద టంగున కొట్టాడు. దెబ్బ తిన్నది నేను. ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా దెబ్బ నాకే.

అప్పణ్ణించి వంటిల్లు చెరిసగం. ఆవిడ పెద్ద పొయ్యి మీద కుక్కరు పెడితే ఆయన దించి నన్ను పెట్టేవాడు. ఆవిడ నన్ను మంచం కింద దాస్తే ఆయన వెతికి తీసేవాడు. ఆవిడ జొన్నరొట్టె, ఆనపకాయ కూర. ఆయన పూరీ, బంగాళాదుంప. కంచంలో ఒక పక్క ఆవిడ రొట్టె, ఒక పక్క ఈయన పూరీ. పాపం శ్రీకర్ ఎవరి మనసూ నొచ్చకూడదని రెండూ తినేవాడు. నూనె తగ్గించాలని చూసిన ఇల్లాలి పుణ్యమా అని వాడి తిండి రెట్టింపయింది!

ఒకరోజు దుకాణం మెట్లెక్కుతుంటే వాడికి గుండెలో మంట, చెమటలు. డాక్టరు పరీక్షలు చేయించి, రక్తంలో కొవ్వు పేరుకుంది, వేపుళ్ళు మానకపోతే ప్రాణం మీదికొస్తుందన్నాడు. నీలవేణి ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది. మొగుడికి ముప్పు వచ్చిందన్న భయం ఆ ముఖంలో ఉంది. గెలిచానన్న వెలుగు కూడా ఉంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, రెండూ చూశాను.

"విన్నారుగా? ఇక ఆ మూకుడు పొయ్యెక్కడానికి వీల్లేదు."

"నూనె తిని చచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు," అన్నాడు అచ్యుతం.

"మీ అబ్బాయినే చూపిస్తాను. కాస్త ఆగండి."

అచ్యుతం చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేశాడు. ఆ మాట అనకూడదని ఆవిడకీ తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత మామా కోడళ్ళ మధ్య మాటల్లేవు. గిన్నెలు మాట్లాడుకునేవి. ఆయన కొన్నాళ్ళు నన్ను అటకెక్కించాడు. అయితే కొడుకు కంచంలో ఉప్పు లేని కూర చూసినప్పుడల్లా ఆ కళ్ళు అటక వైపే వచ్చేవి.

శ్రీకర్ పుట్టినరోజు ఆదివారం పడింది. "ఏడాదికి ఒక్క పూట. అంతే," అని గోడకి చెప్పి, అచ్యుతం నన్ను దింపాడు. మినప్పప్పు రుబ్బాడు. ఆవిడ పక్క పొయ్యి మీద పంతంగా జొన్నరొట్టె కాల్చింది. ఇద్దరి మోచేతులూ రాసుకుంటున్నా ఎవరూ పక్కకి జరగలేదు. శ్రీకర్ వచ్చి బల్ల ముందు కూచున్నాడు. చెరోవైపూ నిలబడ్డారు.

"తినరా నాన్నా. అమ్మ చేసినట్టే వచ్చాయి."

"ముట్టుకోకండి. నా మీద ఒట్టు."

"నీ నోటికి తాళం వెయ్యడానికి ఆవిడెవరని అడుగు!"

"ఈయన మిమ్మల్ని చంపుకుంటానంటే నేను చూస్తూ ఊరుకోవాలా? అడగండి!"

శ్రీకర్ కంచం దూరంగా జరిపాడు. వాడు అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, అమ్మ పోయినప్పుడు ఆ బజ్జీలు ఎందుకు తిన్నానో తెలుసా? నీ చెయ్యంతా పొక్కులు. నేను తినకపోతే నువ్వు ఏడుస్తావని తిన్నాను. అవి గొంతు దిగలేదు నాన్నా, నీళ్ళతో మింగాను. మర్నాడు మళ్ళీ వేశావు. ఎలా వద్దనాలో తెలీలేదు. ఇప్పటికీ తెలీదు."

అచ్యుతం తన ముంజేతి వంక చూసుకున్నాడు. నీలవేణి ముఖం విప్పారింది. శ్రీకర్ అటు తిరిగాడు.

"నువ్వేం సంబరపడకు. నీ రొట్టె ఆయన్ని ఓడించడానికి. నాకు ఆకలేస్తోందా, ఏం తినాలనుంది అని ఒక్కనాడు అడిగావా? ఈ కంచంలో మీరిద్దరూ ఉన్నారు. నేను లేను."

లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఉక్రోషం తీర్చుకోడానికి ఆవిడకి ఎవరు దొరికారు? నేను! గుడ్డతో నా చెవులు పట్టుకుని, నూనె డబ్బాలోకి ఒంపేసి, నిప్పులా ఉన్నదాన్ని తెచ్చి కొళాయి కింద పెట్టింది. భుస్సుమని ఆవిరి లేచింది. ఆ వెనకే ఠప్పుమని చప్పుడు. అంచు నించి అడుగు దాకా చీలిపోయాను. పోత ఇనుము వేడికి ఓరుస్తుంది, అవమానానికి ఓర్వదు.

అచ్యుతం వచ్చి చూశాడు. చీలిక మీద వేలు పెట్టి, చురుక్కుమంటే తీసేశాడు.

"చూసుకోలేదు," అంది నీలవేణి.

"కావాలనే చేశావు."

ఆవిడ కొళాయి కట్టేసింది. "అవును. కావాలనే."

ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్న మొదటి నిజం అదే. ఆయన కేకలేస్తాడనుకున్నాను. బల్ల దగ్గర కూలబడ్డాడు. గారెలు చల్లారిపోతున్నాయి. పళ్ళెం ఆవిడ వైపు తోశాడు.

"వాడెలాగూ తినడు. పారేస్తే పాపం."

ఆవిడ ఎదురుగా కూచుని ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. కోపంగా నమిలింది. "ఉప్పెక్కువైంది."

ఆయన కూడా తుంచుకున్నాడు. వేయించడమే తప్ప వేడిది ఎప్పుడూ కొడుక్కే పెట్టి, మిగిలితే మజ్జిగన్నంలో నంజుకున్న మనిషి. నెమ్మదిగా నమిలాడు. "ఎక్కువే," అన్నాడు.

దాంతో కలిసిపోయారనుకుంటున్నారేమో. అంత లేదు. శ్రీకర్ తిరిగొచ్చి, ఇకనించి సాయంత్రం వంట తనదే, ఇద్దరూ వంటింట్లోకి రావద్దని చెప్పేశాడు. నన్ను పెరట్లో పాత ఇనుము మూటలో పడేశారు. అక్కడి నించి అరుగు కనపడుతుంది. ఆ చివర మామ, ఈ చివర కోడలు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. లోపల శ్రీకర్ పప్పుకి పోపు పెడుతున్నాడు. నూనె మరీ కాగింది, ఆవాలు మాడుతున్న కంపు వీధిదాకా వచ్చింది.

"మంట ఎక్కువైంది!" ఇద్దరూ ఒక్కసారే అరిచి, ఒక్కసారే లేచారు.

"కూచోండి!" అని లోపల్నించి కేక.

కూచున్నారు. అంతకుముందు కూచున్న చోట కాదు. హడావుడిలో కాస్త దగ్గరగా. అది గమనించి ఇద్దరూ మొహాలు చిట్లించుకున్నారు గానీ, మళ్ళీ జరగడానికి ఇద్దరికీ పౌరుషం అడ్డొచ్చింది.

ఇప్పుడు నేను పాతసామాన్ల దుకాణంలో తుప్పు పట్టిన సైకిల్ చట్రం కింద పడి ఉన్నాను. రేపోమాపో కొలిమికి పంపుతారట. మళ్ళీ కరిగిస్తారు, ఏదో చేస్తారు. మేకు చేసినా, నాగలికర్రు చేసినా, మురుగు కాలవ మీద మూత చేసినా సరే, నాకు అభ్యంతరం లేదు. భోజనాల వేళ మనుషుల మధ్య మాత్రం పెట్టకండి.