ఆరుబయట ఆన్ చేసిన మీటరు

ఫ్యాక్టరీ స్టోర్‌లో ఆక్సిజన్ మీటర్లు ఇచ్చే పని ఆమెది. మూడో నంబరు మీటరు ఎవరికిచ్చినా ఆమె ఒకటికి రెండుసార్లు తుడిచి ఇస్తుంది. రెండేళ్ళ కిందట ట్యాంకులోకి దిగి చనిపోయిన భర్త చేతిలో ఉన్నది అదే. మీటరులో లోపమేమీ లేదని తేల్చారు. దాన్ని ఎక్కడ ఆన్ చేస్తే అక్కడి గాలినే మంచి గాలిగా లెక్కేసుకుంటుంది. ఆయన నైట్రోజన్ కారి ఆక్సిజన్ తగ్గిపోయిన ట్యాంకు మూతి దగ్గర ఆన్ చేశాడు. ఇక లోపలికి దిగాక కూడా, ఆక్సిజన్ తగ్గితే కూయాల్సిన ఆ మీటరు నోరు మెదపలేదు.

ఇవాళ అదే ట్యాంకు, అదే మీటరు. దిగేది మరిది.

"ఇటివ్వు వదినా, అక్కడికెళ్ళి ఆన్ చేసుకుంటా."

"ఇక్కడే, ఆరుబయట చెయ్యి. నా ముందర."

"దీనికేమన్నా పెళ్ళిచూపులా, నీ ముందర కూర్చోబెట్టడానికి?"

"వాగకుండా నొక్కు."

మీటరు మీద అంకె, మంచి గాలిలో ఆక్సిజన్ ఉండే ఇరవై పాయింట్ తొమ్మిది శాతం దగ్గర నిలిచేదాకా ఆమె అతన్ని కదలనివ్వలేదు. తర్వాత స్టోరుకి తాళం వేసి వెంటే నడిచింది.

మరిది మీటరుకున్న, గాలి పీల్చే గొట్టాన్ని ట్యాంకులోకి వదిలాడు. మూరెడు దిగిందో లేదో, మీటరు కూసింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. భర్త ఇంటికొస్తూ వీధి మలుపులో వేసే ఈల అచ్చం ఇలాగే ఉండేది. అది వినగానే ఆమె టీకి నీళ్ళు పెట్టేది.

మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదినా, ఇది..."

"విన్నావుగా, మీ అన్నయ్య వద్దంటున్నాడు," అంటూ ఆమె అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

మీటరు ఇంకా కూస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి ఆమెకు చెయ్యి రాలేదు.