హేమావతి కట్టిన చక్రాలు

"వాళ్ళు వచ్చేది చక్రాలు చూడనీకి. నిన్ను చూడనీకి కాదు గదా," అన్నాడు గంగాధర్. పొద్దున్నుంచి ఈ మాటే మూడు రకాలుగా చెప్పాడు.

"ఏమన్నా అడిగితే ఎవరు చెప్తారు?" పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది హేమావతి.

"నేను చెప్తా. నేనేమన్నా మూగోన్నా?"

"మూగోనివైతే ఈ ఇంట్లో అందరం సుఖంగా ఉంటాంటిమి," అంది మంచం మీద నుంచి అతని తల్లి తిప్పమ్మ. "పెండ్లాం ఎంబడొస్తే నీ మీసం రాలిపోతాదేమిరా? పోనీ. అది లేపాక్షి చూసిందే లేదు. దేవునికి దండం పెట్టుకోనొస్తాది."

దేవుడి పేరు వచ్చాక గంగాధర్ కాస్త తగ్గాడు. "సరే, గుడికి వచ్చినట్ల రా. చక్రాల కాడ మాత్రం నోరు తెరిచేది లేదు."

హేమావతి సరేనంది. కూతురు జ్యోతిలక్ష్మి తల్లి వైపు చూసింది.

కదిరిలో గంగాధర్‌ది సైకిల్ అంగడి. రిమ్ముకు స్పోకులు వేసి చక్రం కట్టాలంటే గంగాధర్ దగ్గరికే పోవాలని చుట్టుపక్కల పల్లెల్లో పేరు. నాలుగు బిందెలు మోసే సైకిలైనా, చెనిక్కాయ మూటలు మోసే సైకిలైనా అతని అంగడిలో కట్టించిన చక్రం బెండు రాదంటారు. ఆ చక్రాలు కట్టేది హేమావతి. ఆ పని ఆమెకు నేర్పింది మామ తిప్పయ్య. కళ్ళకు శుక్లాలు వచ్చి స్పోకులు ఆనక ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు కోడల్ని పక్కన పెట్టుకుని చెప్పేవాడు. ఆమె స్పోకును వేలితో మీటితే ఆయన విని, ఇంకో అరచుట్టు అనేవాడు. కొడుకు మాత్రం ఎప్పుడూ ఆ పక్కన కూర్చోలేదు. పంక్చర్లు వేయడంలోనే అతనికి చేయి ఆడేది. ముసలాయన పోయాక రిమ్ములు, హబ్బులు గోనెసంచిలో ఇంటికి రావడం మొదలైంది. హేమావతి మధ్యాహ్నాలు కూర్చుని కట్టేది. మరుసటి రోజు అదే సంచిలో చక్రాలు అంగడికి పోయేవి. పన్నెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఆడది కట్టిన చక్రం మీద ఎవరు బరువేస్తారని గంగాధర్ వాదన.

ఇప్పుడు అమ్మబోయేవి మాత్రం అంగడివి కావు. కూతురి కోసం కట్టినవి. జ్యోతి ఇంటర్ చదువుతోంది. సైకిల్ పందేల్లో జిల్లాకు రెండోదిగా వచ్చింది. ఇప్పుడున్న సైకిల్‌తో, రెండుచోట్ల అతుకు వేసిన ఆ ఫ్రేముతో రాష్ట్ర సెలక్షన్లకు పోతే దారిలోనే విరుగుతుందని వాళ్ళ డ్రిల్లు మాష్టారు చెప్పాడు. సెలక్షన్లు వచ్చే నెలలో. కొత్త రేసు సైకిల్‌కు హేమావతి కూలికి పోయి దాచుకున్న దుడ్లు సగానికి సరిపోతాయి. మిగతా సగం ఈ చక్రాలు అమ్మి తేవాలి. బెంగళూరు నుంచి ఒక్కొక్కటిగా తెప్పించిన తేలిక రిమ్ములకు నెల రోజులు కూర్చుని ఆమె కట్టిన జత అది. జ్యోతి ఫోటోలు తీసి నాయన అంగడి పేరుతో ఫోన్లో పెడితే బెంగళూరు నుంచి హర్ష అనే ఆయన రాశాడు. చేత్తో ఇంత శుభ్రంగా కట్టేవాళ్ళను ఈమధ్య చూడలేదని, ఆదివారం స్నేహితులతో సైకిళ్ళ మీద లేపాక్షి వస్తున్నానని, అక్కడికి తెస్తే చూసి తీసుకుంటానని.

జ్యోతితో కలిసి బస్సెక్కేటప్పుడు చక్రాలను ఒళ్ళో పెట్టుకుంటానంది హేమావతి. గంగాధర్ ఒప్పుకోలేదు. బస్సులో తెలిసినవాళ్ళు ఉంటారు, ఏమిటని అడుగుతారు. గోనెసంచిలో చుట్టి బస్సు పైన వేయించాడు. హిందూపురంలో దించేటప్పుడు క్లీనరు సంచిని పైనుంచి కిందికి వదిలాడు. ఆ చప్పుడుకు హేమావతి కళ్ళు మూసుకుంది.

లేపాక్షిలో రాతి నంది దగ్గర హర్ష, ఇంకో నలుగురు సైకిళ్ళు ఆనించి నీళ్ళు తాగుతున్నారు. హర్ష చక్రాలను ఎత్తి తేలికగా మీటి చూశాడు. ముఖం విప్పారింది. వెనక చక్రాన్ని తన సైకిల్‌కు బిగించి తిప్పాడు. ఒకచోట రిమ్ము కొద్దిగా పక్కకు వాలి బ్రేకును రాసుకుంది.

"బస్సులో దెబ్బ తిన్నట్టుంది. ఫరవాలేదు," అని స్పోకులు బిగించే చిన్న పానా తీసి గంగాధర్ చేతికిచ్చాడు. "కట్టిన చేతులే గదన్నా, రెండు నిమిషాల పని. మీరు బెండు తీస్తే చూడాలని ఉంది."

నలుగురూ దగ్గరికొచ్చారు. ఒకతను ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు.

గంగాధర్ కూర్చున్నాడు. రిమ్ము కుడికి వాలితే ఎడమ స్పోకులు బిగించాలి. అతను కుడివి బిగించాడు. చక్రం ఇంకా వాలింది. మళ్ళీ బిగించాడు. మెడ మీద చెమట పట్టింది.

"అటుపక్కవి," అంది హేమావతి మెల్లగా.

"నువ్వు గుడికి పో. ఆడోళ్ళకు ఇవన్నీ ఏం తెలుస్తాయి?" అని పైకి నవ్వాడు గంగాధర్. ఇంకో చుట్టు తిప్పాడు. స్పోకు టప్పున తెగింది.

హర్ష వంగి చక్రాన్ని తీసుకున్నాడు. గొంతులో ఇందాకటి మర్యాద లేదు. "ఇవి మీరు కట్టినవి కావు. ఎక్కడివి?"

"నేను కట్టినా సార్," అంది హేమావతి. "ఆ పానా ఇట్లియ్యండి. ఇంకో స్పోకు ఉంటే ఇప్పుడే ఏసి చూపిస్తా."

హర్ష ఆమె వైపు, తర్వాత గంగాధర్ వైపు చూశాడు. "నిజమా అన్నా?"

జ్యోతి తండ్రి ముఖంలోకే చూస్తోంది. ఒక్క మాట చాలు.

గంగాధర్ లేచి పంచె దులుపుకున్నాడు. "తమాషా చేస్తాంది సార్. దానికి రొట్టె తిప్పేది దప్ప ఏం రాదు. ఉన్నమాట చెప్తా. ఇవి మీ బెంగళూర్లోనే కొన్నవి. పాతవి."

"బిల్లుందా?"

"పాతవాటికి బిల్లు యాడుంటాది సార్?"

"అయితే వద్దులే," అన్నాడు హర్ష. చక్రాలను నేల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "పోయిన నెలే మా వాళ్ళ సైకిళ్ళు రెండు దొంగతనం అయ్యాయి." ఫోన్ పట్టుకున్నతను గంగాధర్‌ను ఫోటో తీసుకున్నాడు. జ్యోతిని కూడా.

తిరుగు బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు.

సోమవారం సాయంత్రం గంగాధర్ మామూలుగానే సంచి తెచ్చి గోడకు ఆనించాడు. సంగటి తినేటప్పుడు చెప్పాడు. "పాలు పోసే ఎర్రప్పవి. రెండు చక్రాలూ బుధవారానికి ఇస్తానని మాటిచ్చినా."

తిప్పమ్మ మజ్జిగ అడిగింది. హేమావతి పోసింది.

"అమ్మ కట్టిందని ఒక్క మాట చెప్పింటే సైకిల్ వచ్చేది నాయనా," అంది జ్యోతి.

"చెప్పింటే ఆ ఫోన్లో పడి కదిరంతా తిరిగేది. రేపు నా అంగడి ముందర ఎవడు నిలబడతాడు? సైకిల్‌దేముంది, వచ్చే సంవత్సరం చూద్దాం."

"వచ్చే సంవత్సరానికి నాకు వయసు దాటిపోతాది."

"దాటితే దాటనీ. దుడ్లు మిగుల్తాయి," అని నవ్వబోయాడు గంగాధర్. తల్లి కూడా నవ్వకపోయేసరికి ముద్ద మింగాడు. "ఏమ్మే, ఇనపడిందా? బుధవారానికి."

హేమావతి కుండ మీద మూత పెట్టి, ముగ్గురికీ వినపడేంత గొంతుతో, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే చెప్పింది.

"ఎర్రప్పవి ఎర్రప్పకు ఇచ్చెయ్. ఆ పని నాకు రాదని నువ్వే చెప్పినావు గదా. నేనింక చక్రాలు కట్టను."