మూడో పేరు

1974 ఏప్రిల్ 21, ఆదివారం. కళత్తిల్ వారింట్లో ఆఖరి బిడ్డ బెన్నికి బాప్తిస్మం. ఆ రోజు నేను తిన్నది పాలప్పం, మిరియాలు దట్టించిన బాతు కూర, చివర్లో ఒక అరటిపండు. కేరళలో, మా పాలా ఊళ్ళో స్టూడియో తెరిచాక నాకు దొరికిన మొదటి పని అదే కాబట్టి తేదీ గుర్తుండిపోయింది. ఫోటోలు తీసేవాడు చివరిదాకా ఆకలితో ఉంటాడని, వదిన వరసలో నేను చేట్టత్తి అని పిలిచే ఇంటావిడ మరియక్కుట్టి అందరికంటే ముందు నాకే వడ్డించింది.

పిల్లల్ని వరసగా నిలబెట్టడానికి ఆ రోజే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పుట్టిన క్రమంలో పేర్లు పిలిచాను. ఔసేప్, చాండి, సాలి, బెన్ని. పిలవగానే వచ్చి నిలబడాలి. చంటివాడైన బెన్నిని తల్లి ఎత్తుకొచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ శుభం జరిగినా పిలిచేవాణ్ణి నేనే, వరస అదే. వాళ్ళ ముందుగది గోడ నిండా నా ఫోటోలే ఉండేవి. నా భార్య తంకమ్మ పోయినప్పుడు నలభై రోజులు ఆ ఇంటి నుంచే నాకు అన్నం కారియరు వచ్చింది. అందులో రోజూ ఒక పక్కన చిన్న అప్పడం ముక్క ఉండేది. తంకమ్మ నాకు అలాగే పెట్టేదని చేట్టత్తికి ఎలా తెలుసో నేను అడగలేదు.

1990లో సాలి ఏట్టుమానూరులో ఒక స్కూలు మాస్టర్ని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. అతనిది గుడికి వెళ్ళే హిందూ కుటుంబం. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని పెద్దవాడు ఔసేప్ శాసనం చేశాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత తండ్రి వర్కి చనిపోయాడు. మా వాళ్ళలో శవపేటిక చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫోటో దిగుతారు. పాదిరిగారు ప్రార్థన మొదలుపెట్టేలోగా, ముంగిట్లో, పేటికను తలవైపు కాస్త ఎత్తి పెట్టి తీయాలి. కన్నపిల్లలు తల దగ్గర నిలబడాలి. పెళ్ళి ఫోటో లేని ఇల్లయినా ఉంటుందేమో గాని ఇది లేని ఇల్లు ఉండదు. సాలి వచ్చి, వెనక పనసచెట్టు దగ్గర ఆగిపోయింది. ఆమె ఫోటోలో పడకూడదని ఔసేప్ నా చెవిలో చెప్పాడు. నేను మూడు పేర్లే పిలిచాను. స్టాండును రెండడుగులు పక్కకు జరిపాను. పనస మొదలు సాలిని మూసేసింది.

ఆ ఫోటో గోడ ఎక్కింది. చేట్టత్తి దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. చాలా ఏళ్ళకు, పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం స్టూడియోకి వచ్చినప్పుడు మాత్రం, కొంగు సర్దుకుంటూ ఒక మాట అంది.

"కురియా, నేను పడుకున్నప్పుడు నువ్వే తియ్యాలి. ఇంకొకణ్ణి రానివ్వకు."

ఆమె 2016 జూన్‌లో పోయింది. ముంగిట్లో టార్పాలిన్ పందిరి, దాని మీద ఆగని వాన. గేటు దగ్గరే ఔసేప్ నన్ను ఆపాడు. ఎప్పుడూ అన్న వరసలో కురియన్ చేట్టా అని పిలిచేవాడు.

"ఫోటోగ్రాఫరూ, అమ్మచ్చి మాట కాదనలేక పిలిపించాను. వీడియోకి కొచ్చి నుంచి మనుషులొచ్చారు. మీరు ఆ ఒక్కటీ తీసేసి వెళ్ళండి. ఎవరు ఉండకూడదో మీకు వేరే చెప్పక్కర్లేదు."

సాలి చెప్పుల కుప్ప పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు నెరిసిపోయింది. ఆమెకు కుర్చీ చూపినవాళ్ళు లేరు. పేరమ్మ, అంటే పెద్దమ్మ వరసయ్యే ముసలావిడ ఒకామె, అందరికీ వినిపించేలా, తల్లికోసం ఇన్నాళ్ళకు తీరికైనట్టుందే అంది.

"నాకు రోజూ తీరికే పేరమ్మా," అంది సాలి. "ఈ గేటుకే తీరిక లేదు."

కెమెరా బిగించాను. ఆ రెండు నిమిషాలూ ఫోటో తీసేవాడి మాటే చెల్లుతుంది. బిషప్పుగారైనా గడ్డం ఎత్తమంటే ఎత్తుతారు. నలభై ఏళ్ళలో నేను ఆ అధికారాన్ని బొత్తాలు సరిచేయించడానికి తప్ప వాడలేదు.

ఔసేప్‌ను పిలిచాను. వచ్చి తల్లి తల దగ్గర నిలబడ్డాడు. చాండిని పిలిచాను. అతనూ వచ్చి, అన్నకు మనిషి పట్టేంత దూరంలో నిలబడ్డాడు.

"సాలి," అన్నాను.



"ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో లేరు," అన్నాడు ఔసేప్.

"బాప్తిస్మం ఫోటోలో ఉంది. నేను పిలిచే వరస అదే. రాకపోతే ఆ చోటు ఖాళీగానే పడుతుంది."

"చాండీ, ఇటు జరుగు."

చాండి జరగలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అన్న మాటకు ఎదురాడని మనిషి, నేల చూస్తూ అలాగే ఉండిపోయాడు. కారియరులో అప్పడం ముక్క గుర్తొచ్చింది. పాదిరిగారు వాచీ చూసుకుని, చర్చిలో గంట కొట్టేస్తారు, పిలిచినవాళ్ళు త్వరగా రావాలి అన్నారు. పేరు మాత్రం ఎత్తలేదు.

సాలి గొడుగు మడిచి గోడకు ఆనించి వచ్చింది. ఎవరూ పక్కకు తప్పుకోలేదు. తప్పుకోవలసిన పని లేదు, చోటు ఉంది. బెన్నిని పిలిచాను. ఔసేప్ తల్లి తల దగ్గర్నుంచి కదల్లేక, మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఇటు చూడమని రెండుసార్లు అన్నాను. చూడలేదు. తీసేశాను.

ఏడో రోజు ప్రార్థన అయిన మర్నాడు అతను స్టూడియోకి వచ్చాడు. డ్రైవరు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద దించాడు. గోడ మీది ఫోటోలన్నీ, ఫ్రేములతో సహా.

"మా అమ్మ శవం దగ్గర నాటకం ఆడారు. నలభై ఏళ్ళు మా అన్నం తిన్నారు."

తిన్నానని ఒప్పుకున్నాను.

"ఇప్పుడంతా కంప్యూటరే కదా. ఆ ఫోటోలోంచి దాన్ని చెరిపి ఇవ్వండి. ఇవన్నీ మళ్ళీ గోడ ఎక్కుతాయి. నా కూతురి పెళ్ళికి కూడా మీరే."

"చెరపడం తేలికే ఔసేప్. ఒకసారి చెరిపాను. రెండోసారి చెయ్యి రాదు."

"అయితే ఉంచుకోండి. మా గడప తొక్కొద్దు. రేపు మీరు పోయినా మా ఇంటి మనిషి ఒక్కడు రాడు."

"అప్పుడు నా ఫోటో తీసేవాడికి పని తగ్గుతుంది," అన్నాను. అతను వెళ్ళిపోతూ కారు తలుపు ఎంత గట్టిగా వేశాడంటే, అద్దాల బీరువాలోని కెమెరాలు అదిరాయి.

ఫ్రేములు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాను. వర్కి శవపేటిక ఫోటో అద్దం మీద దట్టంగా దుమ్ము. పనసచెట్టు మొదలు మీద మాత్రం, బొటనవేలంత మేర, అద్దం శుభ్రంగా మెరుస్తోంది. ఎవరో రోజూ తుడిచినట్టుంది. ఆ ఇంట్లో అంత ఎత్తుకు చెయ్యి చాచి తుడిచే ఓపిక ఏ తల్లికుండేదో నాకు తెలుసు. నేను దాన్ని తుడవలేదు.

సాయంత్రం ఏడింటికి, దీపాలు ఆర్పబోతుంటే చాండి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీవల్ల మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు," అన్నాడు. "ఆ రోజు నాకు మోకాలు పట్టేసింది. అందుకే జరగలేదు. ఆవిడకోసం అనుకోకండి."

వానాకాలంలో మోకాళ్ళు పట్టేస్తాయని నేనూ అన్నాను.

ఆ ఫోటో రెండు కాపీలు కావాలన్నాడు. అప్పటికే వేసి పెట్టినవి కవరులో పెట్టి ఇచ్చాను. రెండెందుకని అడిగితే, ఒకటి తడిసిపోతే ఇంకోటి ఉండొద్దా అని విసుక్కున్నాడు. కవరును చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకున్నాడు.

"ఏట్టుమానూరు బస్సు ఇప్పుడుంటుందా?"

ఏడుంపావుకి ఉందని చెప్పాను. కుంటకుండానే గుమ్మం దిగాడు. లేవద్దని నాకు చెయ్యి ఊపి, ఆ పాత అద్దం తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసి వెళ్ళాడు.