రెండు వేర్వేరు సీసాలు

ఆ ఆదివారం ఉదయం పది గంటలకు, భవనం కింది అంతస్తులో ఉత్తరాల పెట్టెల పక్కనున్న చిన్నగదిలో నలుగురు హాజరయ్యారు. అందరికంటే ముందు, యథాప్రకారం పది నిమిషాల ముందే, నివాసుల సంఘం అధ్యక్షులైన, ఉద్యోగ విరమణ చేసిన సూపరింటెండెంటు గారు వచ్చారు. సంఘం కుర్చీల మీద నమ్మకం లేక తన మడతకుర్చీ తానే మోసుకుని వారి భార్య రెండవవారుగా వచ్చారు. మూడవవాడు మెడలో టేపుతో కింది కొట్టు దర్జీ. సంఘానికి కార్యదర్శి కూడా అతడే. చివరగా వచ్చి, కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది మెట్లక్క. నాలుగంతస్తుల మెట్లనూ, వెనకవైపునున్న రెండు ఉమ్మడి బాత్రూములనూ పదకొండేళ్ళుగా కడుగుతున్నది ఆమె.

“చూపించమ్మా,” అన్నారు సూపరింటెండెంటు గారి భార్య.

మెట్లక్క కొంగు చాటునుంచి చేతులు బయటికి తీసింది. వేళ్ళ కొసలు పగిలి, అరచేతుల తోలు ఉల్లిపొరలా లేచిపోయి ఉంది. బాత్రూములు కడిగే యాసిడ్ మానకపోతే ఆ చేతులు ఇక నయం కావని వైద్యుడు చీటీ మీద రాసిచ్చాడు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. “అక్క మీద నాకేం కోపం లేదు సార్. కానీ పక్కవీధి ఏజెన్సీవాళ్ళు మెషీనుతో సహా మనిషిని పంపుతామంటున్నారు. యాసిడ్ లేకుండా ఆ బాత్రూములు ఎలా తెల్లబడతాయండీ? బతిమాలితే తెల్లబడతాయా?”

“మనిషిని మార్చే బదులు సీసా మార్చి చూడవచ్చుగా?” అన్నారావిడ.

“ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదయ్యగారూ,” అన్నది మెట్లక్క. “చేతులు పోతే పని ఎలాగూ పోతుంది. చేతులుండగానే తీసెయ్యకండి.”

సూపరింటెండెంటు గారు కలం తీశారు. కిరాణాకొట్టులో చవకగా దొరికే, మనిషికీ మురుగునీటికీ హాని చేయని వస్తువులతో ఒక నెల ప్రయత్నించాలనీ, నెలాఖరుకు భవనం శుభ్రపడకపోతే పనిని ఏజెన్సీకి అప్పగించాలనీ తీర్మానం రాసి, కింద గీత గీసి సంతకం చేశారు.

ఆ వస్తువులేవో నిర్ణయించే బాధ్యతను కూడా వారే స్వీకరించారు. రెండు రోజులు ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, వెనిగర్ మంచిదని ఒకచోట, వంటసోడా మంచిదని మరొకచోట చదివారు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒకే విషయం మీద రెండు కాగితాలు వస్తే, రెంటినీ కలిపి ఒకే ఫైలులో కట్టడం తప్ప వారు మరొకటి ఎరుగరు. ఇక్కడా అదే చేశారు. వంటింట్లో బకెట్ పెట్టి, కొలతప్రకారం వెనిగర్ పోసి సోడా వేయగానే అది బుసబుసమంటూ అంచుదాకా పొంగింది.

“చూశావా, ఎంత చురుగ్గా పనిచేస్తోందో!”

“పొంగుతోందండీ. పనిచేస్తోందో లేదో ఎవరు చూశారు? పాలు కూడా పొంగుతాయి,” అన్నారు భార్య.

పొంగంతా అణిగిన తరువాత సీసాలలో నింపి, ‘మిశ్రమం నంబరు ఒకటి’ అని చీటీలు అంటించి, వాడవలసిన విధానాన్ని ఒక కాగితం మీద రాసి మెట్లక్కకు అందజేశారు. ఆమె మూత తీసి వాసన చూసింది.

“ఇందులో వెనిగర్ ఘాటే లేదేంటయ్యగారూ?”

“ఘాటు లేకపోవడం మరీ మంచిది. రాసిన ప్రకారం వాడమ్మా.”

మూడు వారాలు గడిచాయి. సూపరింటెండెంటు గారు రోజూ తెల్ల చేతిరుమాలుతో మెట్ల కటకటాలను తుడిచి చూసేవారు. రుమాలు రోజూ నల్లబడేది. వెనకవైపు మాత్రం వారు ఏనాడూ వెళ్ళలేదు. బాత్రూముల తనిఖీ తమ హోదాకు తగినది కాదని వారి అభిప్రాయం. మెట్లక్క పనిలో అలసత్వం చూపుతున్నదని వారికి రూఢి అయింది. ఏజెన్సీకి ఉత్తరం రాసి, కార్యదర్శి సంతకం కోసం జేబులో పెట్టుకుని దర్జీ కొట్టుకు వెళ్ళారు.

దర్జీ ఉత్తరం చదివి వారికి తిరిగిచ్చి, చేతిలోని కత్తెర పక్కన పెట్టాడు. “సంతకం పెట్టమంటే పెడతాను గానీ సార్, మీరు వెనకవైపు చూశారా?”

“వెనకవైపుతో నాకేం పని?”

“నాకు రోజూ పనేనండి. ఆ కొళాయి మీద నీళ్ళ సున్నం పేరుకున్న తెల్లమట్టు నేనీ కొట్టు పెట్టినప్పటినుంచీ ఉంది. ఇవాళ ఆ కొళాయిలో నా మొహం కనబడుతోంది. అక్కడ నా మొహం చూసుకోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు, కానీ కనబడుతోంది.”

సూపరింటెండెంటు గారు వెళ్ళి చూశారు. మెట్లక్క ఒక సీసాలోని వెనిగర్‌తో గుడ్డ తడిపి రెండో కొళాయికి చుడుతోంది. దాని పక్కన వంటసోడా సీసా వేరుగా ఉంది. నేల మీది పలకలు తెల్లగా మెరుస్తున్నాయి.

“నేనిచ్చిన మిశ్రమం ఏదమ్మా?”

“మెట్లకి వాడుతున్నానయ్యగారూ, మీరు రాసినట్టే. ఒక్క చుక్క తగ్గించలేదు.”

“మరి ఇక్కడ?”

“ఇక్కడికి మీరు రారు కదా.” ఆమె గుడ్డ బిగించింది. “జిడ్డుంటే సోడా చల్లి, తోమి, కడిగేస్తాను. తెల్లమట్టుకి వెనిగర్ గుడ్డ చుట్టి అరగంట వదిలేస్తాను. దేని పని దానిది. కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయండీ. మీ సీసాలో మిగిలింది ఉప్పునీళ్ళే. నాలిక మీద వేసుకుని చూశాను.”

“నాతో చెప్పవలసింది!”

“చెప్పబోయాను. రాసిన ప్రకారం వాడమన్నారు. మీ మాట కాదంటే పని పోతుందేమోనని భయం. మీ మాట వింటే మురికి పోక పని పోతుందని భయం. ఏం చెయ్యను? మెట్లు మీకు వదిలేశాను, వెనకవైపు నేను చూసుకున్నాను.”

వారు ఇంటికి వచ్చి, మెట్లక్కకు ఆ రెండు సీసాలు ఎవరిచ్చారని భార్యను అడిగారు.

“నేనే. మన వంటింట్లోనూ అలాగే వాడుతున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు మళ్ళీ కలిపి కట్టేవారు.”

జేబులోని ఉత్తరాన్ని వారు నాలుగు ముక్కలుగా చించారు. మరునాటినుంచి మెట్లు కూడా మెట్లక్క పద్ధతిలోనే నడిచాయి. వారం తిరిగేసరికి రుమాలు తెల్లగానే వచ్చింది.

నెలాఖరు ఆదివారం అదే గదిలో నలుగురూ కలిశారు. ఈసారి మెట్లక్క కుర్చీలో కూర్చుంది. ఆమె వేళ్ళమీది పగుళ్ళు పూడి, కొత్త చర్మం లేత గులాబీ రంగులో కనిపిస్తున్నది. సూపరింటెండెంటు గారు రాసి తెచ్చిన తీర్మానం చదవడం మొదలుపెట్టారు. ‘అధ్యక్షుల పర్యవేక్షణలో రూపొందించిన సవరించిన పద్ధతి’ అన్నచోట వారు ఆగారు. దర్జీ టేపు చుట్టుకుంటూ నేలచూపులు చూశాడు. వారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి, అక్కడికక్కడే మరొకటి రాశారు. లేచి నిలబడి, ఒక్కొక్క మాటే చదివారు:

“వెనిగర్‌ను, వంటసోడాను కలపకుండా, దేనికి తగిన చోట దానిని వాడి, యాసిడ్ లేకుండానే ఈ భవనాన్ని శుభ్రపరచిన ఘనత పూర్తిగా మెట్లక్కది. అధ్యక్షుడు తయారుచేసిన మిశ్రమం నిరుపయోగమైనది. ఆ మిశ్రమం వల్ల కలిగిన లోపాన్ని ఆమెకు ఆపాదించబోయినందుకు అధ్యక్షుడు విచారం వెలిబుచ్చుతున్నాడు. ఆమెను ఈ పనిలో కొనసాగించడమైనది. ఆమె చేసిన మేలును ఈ సంఘం కృతజ్ఞతతో నమోదు చేస్తున్నది.”