ఎర్రగుంటపల్లెకు జొన్నల బండి వచ్చిన రోజు

నేను ఒక రైలుపట్టాను. పుట్టింది ఎక్కడో తూర్పున, బొగ్గుగనుల పక్క కొలిమిలో. దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో నన్ను రాయలసీమలోని ఎర్రగుంటపల్లెకు తెచ్చి పడేశారు. చుక్క నీరులేని ఆ నేలను చూసి, నా నుదుటిరాత ఇంతేననుకున్నాను.

నన్ను ఎత్తడానికి కరువుపనికి వచ్చిన కూలీలు చేరారు. మనుషులది వింత లోకం సుమా! ఒకే బావిలో నీళ్లు చేదుకోనివాళ్లు నా బరువుకు భుజం భుజం కలిపి "ఐలెస్సా" అన్నారు. కిందికి దించాక మళ్లీ ఎవరి కుండ వారిదే.

వాళ్లలో కంకర మోసే ఓబులమ్మంటే నాకు ప్రాణం. వరసగా వానల్లేక ఆమె ఇంట్లో మిగిలింది కొర్ర విత్తనాల మూట ఒక్కటే. విత్తనం వండుకుంటే మళ్లీ సేద్యం ఉండదు. వండకపోతే, ఆకలికి లేవలేక పడుకున్న కూతురు తిమ్మక్క దక్కేటట్టు లేదు.

"పట్టాలు కలిసినాయి గదమ్మా, జొన్నల రైలు ఒస్తాది" అని మేస్త్రీ మస్తానయ్య రోజూ చెప్పేవాడు. రైలు మాత్రం రాలేదు.

చివరికి ఓబులమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. మూట విప్పడానికి చేతులు రాక, దాన్ని చంకన పెట్టుకుని రైలుకట్ట ఎక్కింది. పసుపు కుంకాలతో మొక్కిన దేవతను అడిగినట్టు నన్నే అడిగింది.

"బిడ్డ కండ్లు తేలేస్తాంది. రైలొస్తాదా రాదా, చెప్పు తల్లీ!"

అని నా మీద చెవి ఆనించింది. నోరులేని ఇనుమును, నేనేం చెప్పగలను? అంతలో నా ఒళ్లు సన్నగా జలదరించింది. ఎంతో దూరాన ఉన్న నా తోబుట్టువులు ఒకరి నుంచి ఒకరు అందుకుని పంపిన కబురది. ఓబులమ్మ దిగ్గున లేచి మస్తానయ్యను కేకేసింది.

"అన్నా, ఒస్తాండాది!"

మూట విప్పకుండానే ఇంటికి పోయింది. బరువైన ఆ బండి నా మీదుగా దొర్లుతుంటే, ముక్కూమొహం తెలియని ఊళ్ల నుంచి ఇంత తిండి వచ్చిందా అని నేనే నివ్వెరపోయాను. ఆ సాయంత్రం తిమ్మక్క సంగటి తింది. వానలు పడ్డాక కొర్రలు విరగపండాయి.

ఇప్పుడు నేను తుప్పుపట్టి ఇనుపగుట్టలో పడి ఉన్నాను. నా మీద నడిచిన బండ్లలో ఇంకొకటి మరపురాదు. ఎక్కడో గాలివాన ఊళ్లను ముంచిందని తెలిసి, ఓబులమ్మ కొర్రల బస్తా తెచ్చి అక్కడికి పోయే ఆ బండి పెట్టెలో వేయించింది.

"ఆ ఊర్లు యాడుండాయో ఎరుకనా నీకు?" అన్నాడు మస్తానయ్య.

"తెల్దన్నా. పట్టా ఆడికి పోతాది గదా, సాలు."