పడవ లెక్కన వేసుకున్న మాత్రలు

రేపల్లె పాసింజరు తెనాలిలో ఆగేసరికి గంగరత్నం తలమీద చుట్టకుదురు సర్దుకుని, ఎదుటి పెద్దమనిషి చేత చేపల గంప ఎత్తించుకుంది. ఆయన మొహం అటు తిప్పుకునే ఎత్తాడు. ఆ వాసన పుణ్యమా అని, బండి ఎంత కిక్కిరిసినా ఆమెకు కూర్చోను చోటు దొరకని రోజు లేదు.

ప్లాట్‌ఫారం దాటకముందే గుండె మొదలుపెట్టింది. ఒక దెబ్బ తప్పినట్టై, వెంటనే పది దెబ్బలు ఒక్కసారిగా. గోడ పక్కన నిలబడి, గంప దించకుండానే కళ్ళు మూసుకుంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. నల్లగా, పొడుగ్గా ఉంటుంది. పదిహేనేళ్ళు గంప మోసి ఒళ్ళంతా అరిగినా మెడ మాత్రం వంగలేదు. నలుగురు పిల్లలు. నాలుగో కాన్పులో ప్రాణం మీదికి వచ్చింది. ఇక వద్దని, తన దగ్గర చేపలు కొనే డాక్టర్ మీనాక్షిగారిని అడిగి మూడు నెలల క్రితం మాత్రలు తీసుకుంది. అప్పటినుంచే ఈ దడ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మానేస్తే కడుపు, మానకపోతే గుండె. ఏది ముందు చంపుతుందో తెలియక వారంగా అన్నం సయించడం లేదు.

అయినా బేరాల దగ్గర తగ్గలేదు. చందువ మెత్తబడిందన్న ఒకావిడతో, మెత్తబడింది చేప కాదు, మీ వేలేనంది. ఆవిడ నవ్వి రెండు తీసుకుంది.

పదిగంటలకు డాక్టరుగారి పెరటి మెట్ల మీద గంప దించి, సంగతి చెప్పింది. ఆవిడ నాడి పట్టి, రక్తపోటు చూసి, కనురెప్పలు లాగి చూసి, గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. మాత్రలు ఎలా వేసుకుంటున్నావని అడిగారు.

"ఆయన ఒడ్డునున్నన్నాళ్ళూ ఏసుకుంటన్నానండి. పడవెళ్తే మానేత్తన్నాను. మనిషి సముద్రం మీదుంటే ఇంట్లో నాకు మందెందుకండి? పడవొచ్చిన రోజు తప్పిపోయినయ్యన్నీ కలిపి మింగేత్తన్నాను."

డాక్టరుగారు ఆమెకేసి అలాగే చూసి, చివరికి మెట్టు మీద కూలబడి నవ్వారు. గంగరత్నానికి నవ్వెందుకో అర్థం కాలేదు. వాళ్ళ పల్లెపాలెంలో తలస్నానం దగ్గర్నుంచి తగువుల దాకా అన్నీ పడవ రాకపోకల లెక్కనే జరుగుతాయి. మాత్రకు మాత్రం వేరే లెక్క ఉంటుందని ఎవరు కలగన్నారు?

ఆవిడ నవ్వాపుకుని నిదానంగా చెప్పారు. ఆడదాని ఒంట్లో నెలనెలా కొన్ని రసాలకు ఆటుపోట్లుంటాయి. మాత్ర జోలికి పోనివాళ్ళలోనూ కొందరికి ముట్టుకు ముందు గుండె దడదడలాడుతుంది. నాలుగు రోజులు ఆపి, అయిదోనాడు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఒళ్ళు కంగారు పడదూ? పైగా నెత్తురు తక్కువగా ఉంది. గుండె మాత్రం గట్టిదే. అయినా ఈ మాత్రలు ఆపేద్దాం, నెత్తురుకు మందు రాస్తానన్నారు.

"మళ్ళీ కడుపొత్తేనండి?"

"మీ ఆయన్ని బాపట్ల పంపు. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసేది చిన్న ఆపరేషను. అది పూర్తిగా పనిచేసేదాకా నిరోధ్ వాడండి."

ఈసారి నవ్వడం గంగరత్నం వంతయింది. మొగుడు వీరాస్వామి ఉప్పెనకు బెదరడు గాని, సూది చూస్తే ఇల్లు వదిలి పారిపోతాడు.

మధ్యాహ్నం ఆమె పల్లెపాలెం చేరేసరికి పడవ నీళ్ళలోకి దిగుతోంది. వీరాస్వామిని పక్కకు పిలిచి అంతా చెప్పింది. అతను తలవంచుకుని విన్నాడు.

"గుండె ఆగిపోద్దా?"

"ఆగదంట. నాకే బయమేత్తంది, మావా."

 వీరాస్వామి తోటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆపరేషనుకు బాపట్ల పోతున్నానని చెప్పాడు. వాళ్ళు ఈలలు వేశారు, ఒకడు సూదిలా వేలు చూపించి పొడవబోయాడు. అతను సిగ్గుపడుతూనే ఇంటికెళ్ళి పెళ్ళిళ్ళకు తొడిగే చొక్కా తొడుక్కొచ్చాడు. డాక్టరుగారు పది రోజులు పడవెక్కొద్దన్నారని గంగరత్నం అంటే ఎక్కనన్నాడు. బాపట్ల బస్సు ఎక్కి, కిటికీలోంచి చేయి ఊపుదామనుకుని, నలుగురూ చూస్తారని మానేశాడు.

బస్సు కదులుతుంటే గంగరత్నం గుండె మళ్ళీ గబగబా కొట్టుకుంది. ఈసారి ఆమె భయపడలేదు. ఇంత సంతోషం తన పెళ్ళినాడు కూడా లేదనుకుంది.

ఆమె ఒడ్డుకు తిరిగొచ్చేసరికి పడవ ఒక మనిషి తక్కువతో సముద్రంలోకి పోయింది, ఇసుకలో వీరాస్వామి తెడ్డు గుచ్చి ఉంది.